తలగుడ్డలో ఫ్యూజులు

వాకాడు దాటినాక రోడ్డు పక్కన
ఉప్పుగాలికి పేరు చెరిగిన బోర్డొకటి.
దాని వెనక పదకొండు రొయ్యల గుంటలు.
ఏడోది మాది.
మాదంటే, కాపలా మాది.

పదో తరగతి పాసయ్యానని
పుస్తకం నా చేతికిచ్చారు.
పొద్దున ఐదింటికి ఆక్సిజన్ ఎంత, పీహెచ్ ఎంత,
చెక్ ట్రేలో మేత మిగిలిందా,
పేగు నిండుగా ఉందా, తోక ఎర్రబడిందా.
ఒక్కో రొయ్యనీ అరచేతిలో వెలుగుకి పట్టి
చంటిబిడ్డ నాలుక చూసినట్టు చూస్తాం.
చెంగయ్య మామ పాదాల్లో
సున్నం తిన్న పగుళ్లు ఎంత లోతో
రాయడానికి గడి లేదు.
బ్లీచింగు చల్లిన రోజు పోలమ్మత్త కళ్ల ఎరుపుకీ లేదు.

మామ కుడిచేతి రెండు వేళ్లు మడవ్వు.
మూడేళ్ల కింద చిట్టమూరు పక్కన ఎవరిదో గుంటలో
ఏరియేటర్ వైరు ఒలిచిన చోటు నీళ్లకి తగిలింది.
దాని గురించి ఆయన చెప్పేది ఒకటే మాట:
"కరెంటు కరవదబ్బయా, పట్టుకుంటది.
కరిచేదైతే విదిలించుకోమా?"

అప్పట్నించీ ఆయనకో అలవాటు.
నీళ్లలో దిగేముందు స్టార్టర్ ఆపుతాడు.
ఆపి ఊరుకోడు. మూడు ఫ్యూజులూ పీకి
తువ్వాల్లో వరసగా పేర్చి, బీడీకట్టతో సహా,
తలకి చుట్టుకుంటాడు.
"మామ కిరీటం పెట్టాడ్రోయ్" అంటారు కుర్రాళ్లు.
సూపర్‌వైజరు మునిచంద్ర నవ్వడు. గడియారం చూస్తాడు.

ఆ రాత్రి అమావాస్య.
రొయ్య పొర విడిచే రాత్రి, గాలి ఆడని రాత్రి.
రెండున్నరకి నడిమి ఏరియేటర్ మూలిగి ఆగింది.
కొంగలకని కట్టిన దారాలు తెగి
చక్రాలకి చుట్టుకున్నాయి.
మామ మూడూ పీకాడు, చుట్టాడు,
కత్తి పళ్లతో కరిచి పట్టుకుని దిగాడు.
గట్టు మీద నేను, నా చేతిలో టార్చి.
నీళ్లు గొంతుదాకా. వెలుగులో తలగుడ్డ ఒక్కటే,
తేలే కొబ్బరికాయలాగా.

అప్పుడొచ్చింది బండి.
మునిచంద్ర మీటరు ముంచాడు. రెండు పాయింట్ ఆరు.
ఫోనులో గూడూరు నించి ఓనరు,
నలభై లక్షల సరుకురా, నలభై లక్షలు, అని.
నేను "సార్" అన్నాను.
"మామ" అన్నాను.
ఆ రెండు మాటల నడుమ
ఆయన చెయ్యి షెడ్డులోకి పోయింది,
పచ్చ బటన్ నొక్కింది.

ఏం కాలేదు.

మళ్లీ నొక్కాడు. టక్కుమంది.
ఏం కాలేదు.
అవతల చీకట్లో కత్తి దారాన్ని కోసే చప్పుడు,
కర్ర్ కర్ర్‌మని, అట్నే.

మునిచంద్ర బయటికొచ్చి చెరువు కేసి చూశాడు.
ఒక తల.
ఫోను గడ్డిలో పడి ఇంకా అరుస్తోంది.
చాలాసేపు దాన్నెవరూ తీయలేదు.

మామ గట్టెక్కి వణుకుతూ తలగుడ్డ విప్పాడు.
మూడు ఫ్యూజులు, పొడిగా,
నుదుటి వేడి ఇంకా పోలేదు.
మునిచంద్ర చేతిలో పోసి
"నువ్వే పెట్టు సారూ" అన్నాడు,
తెలిసి అన్నాడో తెలీక అన్నాడో.
ఆయన చేతికి మూడో ఫ్యూజు సందు దొరకలేదు.
నేను పెట్టాను.

తెల్లారి పుస్తకం తెరిచాను.
ఆక్సిజన్ నాలుగు.
చనిపోయినవి పదిహేడు. అన్నీ రొయ్యలే.
జరిగింది రాయడానికి చివర ఒక గడి ఉంది,
జరగనిది రాయడానికి లేదు.
ఇరుకుగా రాశాను:
రెండూ యాభై. ఏం కాలేదు.

సాయంత్రం సంతకం పెట్టేటప్పుడు
మునిచంద్ర కలం అక్కడ ఆగింది.
కొట్టేస్తాడనుకున్నా. పేజీ తిప్పేశాడు.

రెండ్రోజులకి పదకొండు షెడ్లలోనూ
స్టార్టర్ పక్కన మేకు కొట్టి
తలో ఎర్ర తువ్వాలు తగిలించారు.
మామ వేళ్లు మడవని చేత్తో దాన్ని తడిమి చూసి
"మంచి గుడ్డే" అన్నాడు.
తర్వాత, నా పుస్తకం కేసి చూస్తూ:
"తువ్వాలు ఊడిపోద్దబ్బయా.
పెట్టెకి తాళం అడగండి."